మయస్థీనియా గ్రావిస్ మందులు: ఏళ్ల తరబడి వాడేవాళ్ల కోసం ఒక సమీక్ష

కండరాలు తొందరగా అలిసిపోయే మయస్థీనియా గ్రావిస్ జబ్బు ఉన్నవాళ్ల మందుల డబ్బా తెరిస్తే సాధారణంగా కనిపించేవి మూడు: పిరిడోస్టిగ్మిన్, ప్రెడ్నిసొలోన్, అజథయోప్రిన్. కర్నూల్లోనే చూపించుకున్నా, అనంతపురం నుంచి బెంగళూరు నిమ్‌హాన్స్‌కు వెళ్లొచ్చినా, కడప నుంచి వేలూరు సీఎంసీకి పోయొచ్చినా చీటీలో పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేదల్లా ఆ చీటీ పట్టుకుని ఇంటికొచ్చాకే. ఇవి నెలకో రెండు నెలలకో ముగిసిపోయే మందులు కావు. ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో జ్వరం వస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, కంటి డాక్టరు దగ్గరికీ పంటి డాక్టరు దగ్గరికీ పోవాల్సి వస్తుంది. జబ్బును తిరగబెట్టే మందు చాలాసార్లు అక్కడే ఒంట్లోకి వస్తుంది. అందుకే ఒక్కో మందు ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడంతో పాటు, దాని పక్కన ఏది వచ్చి చేరితే చెడుతుందో కూడా ఇక్కడ రాస్తున్నాం. డోసు నిర్ణయించేది మీ న్యూరాలజిస్టే. ఆ నిర్ణయం వెనక లెక్క ఏమిటో తెలిస్తే మందు సరిగ్గా వాడగలుగుతారు.

జబ్బు సంగతి నాలుగు మాటల్లో. నరం నుంచి కండరానికి కబురు మోసేది అసిటైల్‌కొలిన్. దాన్ని అందుకునే రిసెప్టర్ల మీద మన ఒంట్లోని యాంటీబాడీలే దాడి చేస్తాయి. అందుకే పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి రెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, నమిలేకొద్దీ దవడ అలిసిపోతుంది, మాట ముక్కులోంచి వస్తుంది. జబ్బు కళ్లను దాటి ఒంటికి పాకినవాళ్లలో సుమారు 85 శాతం మందికి ఉండేవి ఈ రిసెప్టర్ యాంటీబాడీలే. కొద్దిమందికి మస్క్ అనే వేరే ప్రోటీన్ మీద ఉంటాయి. ఆ రక్తపరీక్ష కాగితం పారేయొద్దు, మందుల ఎంపిక దాన్నిబట్టే మారుతుంది.

పిరిడోస్టిగ్మిన్

60 మి.గ్రా. మాత్ర. మన దగ్గర డిస్టినాన్, గ్రావిటర్, మెస్టినాన్ లాంటి పేర్లతో వస్తుంది. వేసుకున్న 30 నుంచి 45 నిమిషాల్లో పని మొదలవుతుంది, గంటన్నర రెండు గంటలకు బాగా తెలుస్తుంది, మూడు నాలుగు గంటలకు దిగిపోతుంది. వాలిన రెప్ప లేవడం, మింగుడుపడడం కళ్లారా కనిపిస్తాయి కాబట్టి అందరికీ దీనిమీదే నమ్మకం. 1934లో ఇంగ్లండ్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టరు ఈ జబ్బు, కండరాలను చచ్చుబరిచే క్యురారే విషం ఎక్కినట్టే ఉందని గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి చూశారు. పిరిడోస్టిగ్మిన్ ఆ కుటుంబంలోదే. నాగుపాము కరిచి రెప్పలు వాలిపోయి వచ్చినవాళ్లకు మన క్యాజువాలిటీల్లో అట్రోపిన్‌తో పాటు ఇచ్చే నియోస్టిగ్మిన్ కూడా ఆ కోవకు చెందినదే.

ఇది చేసే పని ఒక్కటే, అసిటైల్‌కొలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును కాసేపు ఆపడం. కట్టకు గండి పడిన చెరువుకు తూము మూసినట్టన్నమాట. నీళ్లు కాసేపు నిలుస్తాయి, గండి అలాగే ఉంటుంది. యాంటీబాడీల మీద దీని ప్రభావం ఏమీ లేదు. కాబట్టి మా లెక్కలో లక్షణాలకు దీనికి పదికి తొమ్మిది మార్కులు, జబ్బును అణచడానికి సున్నా. మస్క్ రకం వాళ్లకు లక్షణాల విషయంలో కూడా అంత మార్కులు ఇవ్వలేం. వాళ్లలో పని తక్కువ, కడుపునొప్పి, కండరాలు అదరడం ఎక్కువ.

సాధారణంగా 30 మి.గ్రా. చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు మొదలుపెట్టి, పడితే 60కి పెంచుతారు. రోజుకు ఆరు మాత్రలు, అంటే 360 మి.గ్రా. పడుతున్నా మనిషి నిలవడం లేదంటే, ఏడో మాత్ర వేసుకునే ముందు జబ్బును అణిచే మందు సంగతి డాక్టరును అడగాలి.

వాడకంలో ఎక్కువగా చెడేది టైము. చీటీలో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని ఉంటే బీపీ మాత్రల్లాగే ఎనిమిదింటికి, రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటారు. మాత్ర పని నాలుగు గంటలే కదా. పన్నెండు నుంచి రెండు దాకా, ఆరు నుంచి తొమ్మిది దాకా ఒంట్లో మందు ఉండదు. అన్నం తినే వేళలు కూడా అవే. నాలుగు మాత్రలవాళ్లకు కుదిరే వరస ఒకటి చెబుతాం. ఏడున్నరకు మాత్ర, ఎనిమిదింబావుకు టిఫిన్. పన్నెండుకు మాత్ర, ముప్పావు గంట ఆగి భోజనం. నాలుగింటికి ఒకటి. రాత్రి ఏడున్నరకు ఒకటి, ఎనిమిదింబావుకు భోజనం. ఈ టైములు మీ డాక్టరుకు చూపించి, ఆయన ఒప్పుకున్నాక ఫోన్లో అలారం పెట్టుకోండి.

జొన్నరొట్టె, వేరుశనగ విత్తనాలు, మాంసం లాంటి గట్టిగా నమలాల్సినవన్నీ మాత్ర చురుగ్గా ఉన్న గంటలో తినేయాలి. రొట్టెను పప్పులోనో పులుసులోనో బాగా నాననిస్తే దవడకు పని తగ్గుతుంది. ఉగ్గానికి అంత నమిలే పని ఉండదు, దాన్ని మాత్ర దిగిపోయే వేళకు ఉంచుకున్నా ఫరవాలేదు. తాగిన నీళ్లు ముక్కులోంచి వెనక్కి వస్తున్నా, తింటూ తింటూ పొలమారుతున్నా అది టైము సర్దుకుంటే పోయేది కాదు, అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఖాళీ కడుపున వేసుకుంటే పేగులు మెలిపెట్టినట్టుంటే రెండు బిస్కెట్లో కాసిని పాలో తీసుకుని వేసుకోండి. కడుపునిండా తిన్నాక వేసుకుంటే మాత్ర ఆలస్యంగా ఎక్కుతుంది.

మాత్రకు తేమ పడదు. స్ట్రిప్పులోంచి ముందే తీసి వారానికి సరిపడా డబ్బాలో సర్దిపెడితే వానాకాలంలో మెత్తబడతాయి, మచ్చలు పడతాయి. సగం మాత్ర వాడేవాళ్లు ఏ పూటకా పూట విరుచుకుని, మిగిలిన సగం మరుసటి డోసుకే వాడేయాలి. ఎండాకాలం సంగతి మన మూడు జిల్లాలవాళ్లకు వేరే చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో బండి డిక్కీలోనో ఆపిన కారులోనో మందుల సంచి వదిలేయొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే స్ట్రిప్పు మీద చెమ్మ పడుతుంది కాబట్టి అదీ మంచి చోటు కాదు. ఇంట్లో నీడపట్టున ఉండే అలమర చాలు. వేడి మందును పాడుచేయడమే కాదు, జబ్బును కూడా పెంచుతుంది. ఎండలో తిరిగొచ్చిన రోజు రెప్ప ఇంకా వాలిందంటే మాత్రలో లోపం వెతకనక్కర్లేదు. చల్లని గుడ్డ, నీడ, విశ్రాంతి ముందు చూడండి.

180 మి.గ్రా. నిదానంగా విడుదలయ్యే మాత్ర కూడా ఉంది. పొద్దున లేవగానే మింగలేనంత నీరసం ఉన్నవాళ్లకు రాత్రి పడుకునే ముందు ఇస్తారు. దాన్ని విరవకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు. ఒంట్లోకి ఎక్కే తీరు రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి పగటిపూటకు మామూలు మాత్రే మేలని మా అభిప్రాయం. షాపులో 60 లేదని, దానికి బదులు 180 ఒకటి వేసుకుంటే మూడింటికి సమానమని ఎవరైనా అంటే తీసుకోవద్దు.

ఇప్పుడు విరేచనాల సంగతి. ఈ మాత్ర పేగుల్ని కూడా కదిలిస్తుంది కాబట్టి కడుపులో మెలిపెట్టడం, నీళ్ల విరేచనాలు, నోట్లో లాలాజలం ఊరడం, చెమటలు మామూలే. డోసు పెంచిన వారంలో ఎక్కువ. అప్పుడు వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లి ‘మోషన్స్ అవుతున్నాయి’ అంటే చేతికొచ్చేది చాలాసార్లు ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఇవన్నీ ఫ్లోరోక్వినొలోన్లు అనే రకం యాంటీబయాటిక్‌లు. మయస్థీనియాను తిరగబెట్టి ఊపిరి దాకా తెచ్చే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో ఈ రకం మందుల మీద అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరికలో చేర్చింది. మాత్ర వల్ల వచ్చిన విరేచనానికి యాంటీబయాటిక్ అసలు అవసరమే లేదు. ఓఆర్‌ఎస్ తాగుతూ డాక్టరుకు ఫోన్ చేయండి. డోసు తగ్గించడమో, గ్లైకోపైరోలేట్ లాంటిది రాయడమో, లోపెరమైడ్ ఇవ్వడమో ఆయన చూస్తారు. జ్వరం, మలంలో రక్తం ఉంటే అది ఇన్ఫెక్షన్, దానికి ఆసుపత్రికి పోవాలి. అక్కడ మొదటి మాటగా జబ్బు పేరు చెప్పాలి.

మందు చాలక నీరసమా, ఎక్కువై నీరసమా అని తెలుసుకోవడం ఇంకో చిక్కు. మాత్ర వేసుకున్న గంటకు తేలికైతే చాలడం లేదని అర్థం. గంటకు ఇంకా నీరసించి, చెమటలు, లాలాజలం, కండరాలు అదరడం, కంటిపాప చిన్నదవడం ఉంటే ఎక్కువైందని అర్థం. రెండో రకంలో ఇంకో మాత్ర వేసుకోవడం చాలా ప్రమాదం.

ప్రెడ్నిసొలోన్

వైసొలోన్, ఓమ్నాకోర్టిల్ పేర్లతో ఎక్కువగా కనిపించే స్టెరాయిడ్. యాంటీబాడీల తయారీని అణిచే మందుల్లో త్వరగా పనిచేసేది ఇదే. వారాల్లో మొదలై కొన్ని నెలల్లో పూర్తి ఫలితం చూపిస్తుంది. ధర తక్కువ, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. స్టెరాయిడ్ అనే పేరు విని భయపడి మానేసేవాళ్లు పొందేదానికన్నా పోగొట్టుకునేదే ఎక్కువ. అలాగని తేలిగ్గా తీసుకునే మందు కూడా కాదు.

మొదట చెప్పాల్సింది: పెద్ద డోసుతో ఒక్కసారిగా మొదలుపెడితే మొదటి రెండు వారాల్లో జబ్బు తగ్గకపోగా ఎక్కువవ్వొచ్చు. అందుకే చాలామంది డాక్టర్లు 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. మింగడంలో, ఊపిరిలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఆసుపత్రిలో ఉంచి మొదలుపెడతామనేది ఇందుకే. ఇది ముందే తెలియకపోతే ‘ఈ మందు నాకు పడలేదు’ అని అయిదో రోజే ఆపేస్తారు.

పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి వేసుకోవాలి. సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు. దీనితో షుగరు చూపించుకోవడంలో ఒక కిటుకు ఉంది. పొద్దున వేసుకున్న ప్రెడ్నిసొలోన్ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగరు పెంచుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసిన రెండు గంటలకు చేయించుకున్నదే నమ్మండి. బీపీ, బరువు నెలనెలా రాసుకోవాలి. ఊరగాయ, అప్పడం, ఉప్పు మిరపకాయలు తగ్గిస్తే ముఖం ఉబ్బడం, బీపీ రెండూ అదుపులో ఉంటాయి. మూడు నెలలు దాటి వాడేవాళ్లకు ఎముకలు పలచబడతాయి. కాల్షియం, విటమిన్ డి మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, అవసరమైతే డెక్సా స్కాన్ చేయించి ఎముకల మందు రాస్తారు. ఈ మందుతో పొటాషియం తగ్గినా కండరాలు నీరసిస్తాయి. జబ్బు పెరిగిందనుకునే ముందు ఆ పరీక్ష ఒకటి చేయించడం మంచిది. మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే దాక్కుని ఉన్న టీబీ స్టెరాయిడ్‌తో లేచి కూర్చుంటుంది. టీబీ తేలితే ఆ డాక్టరుకు మయస్థీనియా ఉందని తప్పక చెప్పండి. పాత టీబీ ఇంజెక్షన్ స్ట్రెప్టోమైసిన్ ఈ జబ్బుకు పడనిది.

ఇక్కడా వేరే డాక్టరు రాసే రెండో చీటీతో గొడవ ఉంది. స్టెరాయిడ్ వల్ల కంట్లో శుక్లం, కంటి ఒత్తిడి రెండూ వస్తాయి కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో కంటి పరీక్ష తప్పదు. ఒత్తిడి ఎక్కువగా ఉంటే మామూలుగా రాసే చుక్కల మందుల్లో టిమొలాల్ ఒకటి. అది బీటా బ్లాకర్, అంటే బీపీకీ గుండెకూ కూడా వాడే మందుల వర్గం. కంట్లో వేసిందే కదా అనుకుంటాం, కానీ రక్తంలోకి వెళ్లి మయస్థీనియాను పెంచగలదు. కంటి డాక్టరుకు చెబితే వేరే రకం చుక్కలు రాస్తారు. స్టెరాయిడ్‌తో బీపీ పెరిగినప్పుడు రాసే మాత్రల్లో ప్రొప్రనొలాల్, అటెనొలాల్, మెటోప్రొలాల్ కూడా ఇదే వర్గం. గుండెకు తప్పనిసరి అయితే డాక్టర్లు మాట్లాడుకుని గమనిస్తూ ఇస్తారు. కేవలం బీపీకే అయితే వేరే మాత్రలు చాలా ఉన్నాయి.

షాపులో మార్పిడి జరిగేటప్పుడు లెక్క తప్పొద్దు. ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా.కు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 4 మి.గ్రా., డెఫ్లాజాకార్ట్ 6 మి.గ్రా. సమానం. 40 ప్రెడ్నిసొలోన్ వాడే మనిషికి 40 డెఫ్లాజాకార్ట్ ఇస్తే డోసు తగ్గినట్టే, 40 మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇస్తే పెరిగినట్టే.

తగ్గించడం కూడా చికిత్సే. బాగున్నారని చెప్పిన కొన్ని నెలలకు 5 మి.గ్రా. చొప్పున, 10 లోపలికి వచ్చాక నెలకు 1 మి.గ్రా. చొప్పున తగ్గించడం పద్ధతి. 5, 7.5 దగ్గర జబ్బు తిరగబెడితే అది ఓటమేమీ కాదు, ఆ మనిషికి కావాల్సిన డోసు అంతే. ఒక్కసారిగా ఆపడం మాత్రం ఎప్పుడూ వద్దు. నెలల తరబడి బయటినుంచి వస్తున్న స్టెరాయిడ్‌కు అలవాటుపడి ఒంట్లోని అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. అకస్మాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వాంతులై మాత్ర నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లి ఇంజెక్షన్‌గా తీసుకోవాలి. పసరు మందు, నాటు మందు ఇచ్చేవాళ్లు మొదట చెప్పేది ‘ఇంగ్లీషు మందులన్నీ ఆపేయండి’ అనే. ఆ ఒక్క మాట మాత్రం వినకండి, దయచేసి.

అజథయోప్రిన్

మూడింటిలో అందరూ తక్కువ నమ్మేది ఇదే. మా దృష్టిలో ఎక్కువ మేలు చేసేదీ ఇదే. ఇదీ యాంటీబాడీల తయారీని అణిచే మందే. 50 మి.గ్రా. మాత్ర, అజొరాన్ పేరుతో బాగా తెలుసు. కిలో బరువుకు 2 నుంచి 3 మి.గ్రా. లెక్క. 60 కిలోల మనిషికి 150 మి.గ్రా., అంటే రోజుకు మూడు మాత్రలు. మొదలు 50తోనే, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచుతారు.

చిక్కంతా ఆలస్యంలో ఉంది. పని తెలియడానికి ఆరు నెలల నుంచి ఏడాది, పూర్తి ఫలితానికి ఏడాదిన్నర కూడా పడుతుంది. 1998లో ఇంగ్లండ్ పరిశోధకులు ప్రెడ్నిసొలోన్ ఒక్కటే వాడినవాళ్లనూ, దానికి అజథయోప్రిన్ కలిపి వాడినవాళ్లనూ పోల్చి చూపించారు. మొదటి ఏడాదిలో రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. మూడేళ్లకు కలిపి వాడినవాళ్లలో 63 శాతం మంది స్టెరాయిడ్ పూర్తిగా మానగలిగారు, రెండో గుంపులో 20 శాతం మందే. నాలుగో నెలలో ‘దీనివల్ల ఏమీ తెలియడం లేదు’ అని ఆపేసేవాళ్లు వదులుకుంటున్నది ఈ తేడానే.

రక్తపరీక్షలు లేకుండా ఈ మందు వాడకూడదు. మొదటి నెల వారం వారం, తర్వాత నెలకోసారి, కుదురుకున్నాక మూడు నెలలకోసారి సీబీసీ (రక్తకణాల లెక్క), కాలేయ పరీక్ష చేయించాలి. తెల్లకణాలు బాగా పడిపోతే మందు ఆపి డాక్టరును కలవాలి. కొందరికి టీపీఎంటీ, నుడ్ట్15 అనే జన్యువుల్లో తేడా వల్ల మామూలు డోసుకే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. రెండో రకం తేడా ఆసియావాళ్లలో ఎక్కువ. పరీక్ష పెద్ద ల్యాబుల ద్వారా పంపించి చేయించవచ్చు. అది కుదరకపోతే మొదటి రెండు నెలల సీబీసీ ఒక్కటి కూడా తప్పించొద్దు. జుట్టు గుప్పెళ్లుగా రాలడం, నోట్లో పుళ్లు, జ్వరం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు సీబీసీ. మొదటి మూడు వారాల్లో జ్వరం, ఒళ్లునొప్పులు, వాంతులు కలిసివస్తే అది మందు పడకపోవడం కావచ్చు. మళ్లీ వేసి చూడకూడదు.

దీని పక్కన చేరకూడనిది అల్లోప్యూరినాల్. యూరిక్ యాసిడ్ ఎక్కువుందని, కాలి బొటనవేలు వాచిందని చాలా సులభంగా రాసే మాత్ర. రెండూ కలిస్తే అజథయోప్రిన్ ఒంట్లో పేరుకుపోయి ఎముక మూలుగ దెబ్బతింటుంది. ఫెబుక్సోస్టాట్‌తో కూడా అదే భయం. ఇంకో సంగతి, అజథయోప్రిన్, అజిత్రోమైసిన్ రెండూ చేతిరాతలో ఒకేలా కనిపిస్తాయి. అజిత్రోమైసిన్ గొంతునొప్పికి ఇచ్చే యాంటీబయాటిక్, మయస్థీనియాకు పడనిది. స్ట్రిప్పు వెనక అసలు మందు పేరు చదివి, 50 అని ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి.

మిగతా మందులు

మైకోఫెనొలేట్ అజథయోప్రిన్ పడనివాళ్లకు ఇస్తారు, సాధారణంగా 1 గ్రాము చొప్పున రెండు పూటలా. ఇదీ నిదానంగా పనిచేసేదే. గర్భంలో బిడ్డకు హాని చేస్తుంది కాబట్టి పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ముందే చెప్పాలి, మెథోట్రెక్సేట్ కూడా అంతే. పిరిడోస్టిగ్మిన్, ప్రెడ్నిసొలోన్ గర్భంలో కొనసాగిస్తారు. కాన్పు డాక్టరుకు ఒక్కటి గుర్తుచేయాలి: గుర్రపువాతానికి (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్‌కు) ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఈ జబ్బులో ఊపిరిని ఆపేయగలదు. మస్క్ రకానికి రిటుక్సిమాబ్ బాగా పనిచేస్తుంది. ఇక ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి తీసే ఆపరేషన్ మందు కాకపోయినా మందుల లెక్కను మారుస్తుంది. 2016లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, 126 మందిని మూడేళ్లు చూశాక, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు స్టెరాయిడ్ తక్కువ సరిపోయింది, బలం కూడా మెరుగ్గా ఉంది. అది రిసెప్టర్ యాంటీబాడీలు ఉన్న 65 ఏళ్లలోపువాళ్ల మీద చేసింది. గ్రంథిలో గడ్డ ఉంటే వయసుతో పనిలేకుండా తీయించాల్సిందే. అందుకే ఛాతీ సీటీ స్కాన్ అడుగుతారు.

ఊపిరి దాకా వస్తే

మెడ నిలవకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, వెల్లకిలా పడుకుంటే ఆయాసం, దగ్గు బలంగా రాకపోవడం ఇవన్నీ ఆసుపత్రి గుర్తులు. ఇంట్లో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. నిండుగా గాలి పీల్చి, ఒకే ఊపిరిలో మామూలు వేగంతో అంకెలు లెక్కపెట్టించండి. 20 కూడా దాటలేకపోతే ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. వేలికి పెట్టే ఆక్సిమీటరులో 97 చూపిస్తోందని ధైర్యపడొద్దు. ఈ జబ్బులో ఆ అంకె చివర్లో పడుతుంది, అప్పటికి ఛాతీ కండరాలు అలిసిపోయి ఉంటాయి.

ఆసుపత్రిలో ఇచ్చేది ఐవీఐజీ (దాతల రక్తంలోంచి తీసిన యాంటీబాడీలను సిరలోకి ఎక్కించడం) లేదా ప్లాస్మా మార్పిడి (యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసి వేరేది ఎక్కించడం). ఐవీఐజీ మొత్తం కిలోకు 2 గ్రాములు, రెండు నుంచి అయిదు రోజుల్లో పంచి ఇస్తారు. 60 కిలోల మనిషికి 120 గ్రాములు, ఖర్చు అక్కడే. ప్లాస్మా మార్పిడి సాధారణంగా రోజు విడిచి రోజు అయిదు సార్లు. రెండూ కొన్ని వారాలే నిలుస్తాయి, రోజువారీ మందులకు బదులు కావు. కర్నూలు పెద్దాసుపత్రికైనా, అనంతపురం సర్వజన ఆసుపత్రికైనా, కడప రిమ్స్‌కైనా, ప్రైవేటుకైనా ఒంట్లో బాగున్న రోజే వెళ్లి అడిగి రాసిపెట్టుకోండి: రాత్రిపూట వెంటిలేటర్, న్యూరాలజిస్టు ఉంటారా, ఐవీఐజీ తెప్పించడానికి ఎంతసేపు పడుతుంది, ప్లాస్మా మార్పిడి చేస్తారా, ఎన్టీఆర్ వైద్య సేవ ఏ మేరకు వర్తిస్తుంది. బెంగళూరో హైదరాబాదో వెళ్లిపోదామని అర్ధరాత్రి కారెక్కే ముందు, దగ్గర్లో ఊపిరి నిలబెట్టగల ఆసుపత్రిలో చేరడమే సరైన పని.

జేబులో ఉంచుకోవాల్సిన కాగితం మీద ఇలా రాయించి, వెనకవైపు ఇంగ్లీషులో కూడా రాయించి ల్యామినేట్ చేయించండి: ‘నాకు మయస్థీనియా గ్రావిస్. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్, సిప్రో, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, క్వినైన్, సిరలోకి మెగ్నీషియం, బొటాక్స్ నా న్యూరాలజిస్టును అడగకుండా ఇవ్వొద్దు. స్టెరాయిడ్ వాడుతున్నాను, ఆపొద్దు. మత్తు ఇచ్చే ముందు అనస్థీషియా డాక్టరుకు చూపించండి.’ కింద మందులు, డోసులు, టైములు, ఇంట్లోవాళ్ల ఫోను నంబరు. పల్లెల్లో జ్వరానికి పిరుదు మీద జెంటామైసిన్ సూది వేసే అలవాటు ఇంకా పోలేదు కాబట్టి ఆ పేరు మొదట ఉండాలి. యాంటీబయాటిక్ నిజంగా కావాల్సివస్తే అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటి పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకాలు సాధారణంగా పడతాయి.

దుకాణాలు, స్టాకు

ప్రెడ్నిసొలోన్, కాల్షియం జన ఔషధి కేంద్రాల్లో అడగండి, బిల్లు బాగా తగ్గుతుంది. పిరిడోస్టిగ్మిన్ అమ్మకం తక్కువ ఉన్న మందు కావడంతో చిన్న ఊళ్ల షాపులు ముందు తెప్పించిపెట్టవు. పెద్దాసుపత్రుల చుట్టుపక్కల షాపుల్లోనే దొరికే అవకాశం ఎక్కువ. రోజుకు అయిదు మాత్రలైతే నెలకు 150, పది మాత్రల స్ట్రిప్పులు పదిహేను. ఒకే షాపులో చీటీ కాపీ ఇచ్చిపెట్టి, ప్రతినెలా ఫలానా తేదీకి కావాలని చెప్పుకుంటే తెప్పించిపెడతారు. ఇంట్లో పదిహేను రోజుల మందు మిగిలి ఉండగానే ఆర్డరు పెట్టాలి. ఆన్‌లైన్‌లో ధర తగ్గొచ్చు కానీ మే నెలలో పార్సిల్ ఎన్ని రోజులు ఏ గోడౌన్లో మగ్గుతుందో చూసుకోవాలి, సీల్ ఊడిన బాటిలు వస్తే తిప్పి పంపండి. కంపెనీ మారితే మాత్ర మందం, రంగు మారతాయి. మొదటి రెండు మూడు రోజులు పని మొదలయ్యే టైము, దిగిపోయే టైము రాసుకుని తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి.

హైదరాబాదుకో వేలూరుకో బస్సులో చెకప్‌కు పోయేటప్పుడు మాత్రలు కింద డిక్కీలో పెట్టే సూట్‌కేసులో వేయొద్దు. చేతిసంచిలో, ఒరిజినల్ స్ట్రిప్పుల్లోనే, రెండు రోజులకు అదనంగా ఉంచుకోండి. దారిలో పడే డోసు టైముకు నీళ్లు, రెండు బిస్కెట్లు కూడా ఆ సంచిలోనే పెట్టుకోండి.